వేళ్ళ సందు

లేదని చెప్పేశాడు. మా వైపు ఎవరికీ లేదండీ అని, ఆ చిన్న డాక్టరమ్మ అడగడం పూర్తికాకముందే, నాలుక దానంతటదే అనేసింది. ఆవిడ అట్ట మీద కాగితంలో రాసుకుంది, ఆకుపచ్చ తలగుడ్డ సర్దుకుంది, ఆపరేషన్ గది తలుపు భుజంతో తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు రెక్కలు రెండూ కాసేపు ఊగి ఆగాయి. ఆ లోపల మనవరాలు ఉంది. ఏడాది నాలుగు నెలల పిల్ల. కుడిచేతి మధ్యవేలూ ఉంగరం వేలూ గోళ్ళ దాకా కలిసిపోయి పుట్టిన పిల్ల. గంటన్నర పడుతుందన్నారు. గోడ మీద గడియారం పది దాటి పది నిమిషాలు చూపిస్తోంది. తొమ్మిదిన్నరకి తీసుకెళ్ళారు కాబట్టి ఇంకా యాభై నిమిషాలు. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. అలా ఉండలేకపోయాడు. మళ్ళీ ముందుకి వంగాడు. తన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరో మరిచిపోయి వెళ్ళిన చేతుల్లా వాటిని చూస్తూ ఉండిపోయాడు.

అతను గ్లౌజులు కోసేవాడు. పనివాళ్ళు వేసుకునే తోలు గ్లౌజులు. నలభై ఏళ్ళుగా అదే పని. బల్ల మీద తోలు పరిచి, అచ్చు పెట్టి, సుద్దతో గీసి, వంకర కత్తితో వేలికీ వేలికీ మధ్య కోసుకుంటూ పోవడం. అయిదో తరగతిలో పలక కింద పెట్టి ఆ కత్తి పట్టాడు. పట్టాడు అనడం మర్యాద కోసం. నాన్న పట్టించాడు. చదువుకున్నవాళ్ళు తన ముందు నోరు విప్పితే చెవులు మూసుకునే అలవాటు అతనికి అప్పటినుంచీ ఉంది. ఏం తెలుసు వీళ్ళకి, చెయ్యి గురించి నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవడికి తెలుసు అనుకునేవాడు. చెయ్యంటే ఏముంది, వెడల్పాటి ముక్క, దానికి నాలుగు కోతలు, పక్కన బొటనవేలు. కోత లేకపోతే చెయ్యి లేదు. ఈ మాట తను ఎన్నిసార్లు అనలేదు, కొత్తగా బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ. ఆ డాక్టరమ్మ, తన కూతురుంటే ఆ వయసుండే మనిషి, ఇందాక ఇదే కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, సరిగ్గా అదే మాట అంది. కాకపోతే కత్తి లేకుండా అంది. 

“అందరూ వేళ్ళు మొలుచుకొస్తాయనుకుంటారు బాబాయ్,” అంది. “మొలవవు. కడుపులో రెండో నెలలో చెయ్యి తెడ్డులా ఉంటుంది, ఒకటే పలకలా. ఆ మధ్యలో ఉన్న కణాలు చచ్చిపోతాయి. అవి పోతే, మిగిలినవి వేళ్ళు.”

“చచ్చిపోవడమేంటమ్మా? జబ్బు చేసా?”

“జబ్బు కాదు. అది వాటి పని. చచ్చిపోవడం కూడా ఒక పనే.”

“ఎవరు చంపుతారు?”

“ఎవరూ చంపరు. పక్కవాటి నించి కబురొస్తుంది, ఇంక చాలు అని. ఎలా పోవాలో దాని లోపలే రాసిపెట్టి ఉంటుంది.”

అడిగింది తనే. ఊరుకున్నా సరిపోయేది. ఎన్నడూ ఎవర్నీ ఏమీ అడగనివాడు, మనవరాలు తలుపు అవతల ఉంటే కాలు చెయ్యి ఆడక అడిగాడు. ఆవిడకేమో కాస్త తీరిక దొరికింది, చెప్పడం ఇష్టంలా ఉంది, చెప్పుకుంటూ పోయింది. దెబ్బ తగిలి చచ్చే కణం పగిలిపోతుందట, లోపలిదంతా ఒలికి చుట్టుపక్కలంతా వాస్తుందట. వేళ్ళ మధ్య చచ్చేవి అలా పోవట. ముందు ముడుచుకుంటాయట. తమలో ఉన్న రాతని తామే ముక్కలుగా కత్తిరించుకుంటాయట. చిన్న చిన్న మూటలుగా విడిపోతాయట. పక్కనున్నవి ఆ మూటల్ని మింగేస్తాయట. రక్తం లేదు, చీము లేదు, మచ్చ లేదు. పది నిమిషాల క్రితం అక్కడొకటి ఉండేదని కూడా ఎవరికీ తెలియదట. అతను తన బల్ల కింద తుక్కు బుట్ట గురించి ఆలోచించాడు. నలభై ఏళ్ళుగా వేళ్ళ సందుల్లోంచి తీసేసిన సన్నటి తోలు పీలికలు ఆ బుట్టలో పడేవి. వాటిలో ఒక్కటైనా తనంతట తాను లేచి వెళ్ళి బుట్టలో పడడం ఎప్పుడైనా చూశాడా? ఒక్కటీ లేదు. లాగాలి, కోయాలి, కత్తి మొండిదైతే తిట్టాలి. ఇక్కడేమో పిలిస్తే పోతున్నాయి. ఎవరైనా పొమ్మంటే తను పోయాడా ఎక్కడినించైనా? యజమాని పొమ్మన్నా పోలేదు, బల్ల పట్టుకుని కూర్చున్నాడు.

“మీకూ నాకూ రోజూ అయిదారు వేల కోట్లు పోతూనే ఉంటాయి,” అంది ఆవిడ, లేస్తూ. “పాడైనవి, పురుగు దూరినవి, పని అయిపోయినవి. పోవాల్సింది పోకుండా మొండికేస్తేనే ప్రమాదం. గడ్డలయ్యేది అందుకే. బాతుల్లో చూడండి, వాటి కాలివేళ్ళ మధ్యవాటికి ‘పోవద్దు’ అని ఇంకో కబురుంటుంది. అందుకే ఆ చర్మం అలా ఉండిపోతుంది.”

ఆవిడకి తెలియదు. ఆవిడ పాఠం చెబుతోంది. బాతు అన్న మాట ఈ కుర్చీలో కూర్చున్న మనిషి నోట్లోంచి ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద పడిందో ఆవిడకెలా తెలుస్తుంది? అయిదారు వేల కోట్లు రోజుకి. అంటే ఇప్పుడు కూడా. ఈ గడియారం ముల్లు ఒక్క గడి జరిగేలోపు తన పొట్టలో, తన చర్మం కింద, ఈ అరచేతుల్లో, ఎన్ని లక్షలు ముడుచుకుని మూటలు కట్టుకున్నాయో. యాభై రెండేళ్ళుగా తన ఇంట్లో ఇంత జరుగుతుంటే తనకి ఒక్క కబురు లేదు. ఇంటి పెద్దని, నన్ను అడగాలి కదా ప్రతి పనికీ అనుకుంటూ తిరిగాడు. ఎవరిని అడిగారు?  మోచేతి మీద గోకబోయి ఆగాడు. గోకితే ఎవరిని గోకుతున్నట్టు?

అప్పుడు కూడా తేరుకునేవాడే. వీళ్ళ మాటలు వీళ్ళవి అని పక్కన పెట్టేసేవాడే. కానీ నోరు ఊరుకోలేదు. “మరి సొల్యూషన్ వాసనకి అతుక్కుంటాయంటారు?” అన్నాడు. ఆవిడ తిరిగి చూసింది. “ఏ సొల్యూషన్?” అంది. “మా షాపులో అతికించేదండీ. తోలుకి. కడుపుతో ఉన్నప్పుడు కోడలు ఆ గదిలో కూర్చుని పనిచేసింది.” ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. “అతుక్కోవడం కాదు బాబాయ్, విడిపోకపోవడం. రెండూ వేరు. ఎన్నో నెలలో కూర్చుంది?” అంది. అయిదో నెల అన్నాడు. మిషను తొక్కితే నడుం లాగుతోందంటే, కూర్చుని చేసే పని అని, తనే అటు పంపాడు. “వేళ్ళు రెండో నెల చివరికే అయిపోతాయి. అయిదో నెలలో ఏం కూర్చున్నా ఒకటే,” అంది. “ఎవరు చెప్పారు మీకా మాట?” అని కూడా అడిగింది. 

ఎవరు చెప్పారు. తనే. పుట్టిన మూడో రోజున, షాపులో, కుట్టేవాళ్ళు పన్నెండుమంది, అతికించేవాళ్ళు నలుగురు, అందరి ముందూ, కత్తి బల్ల మీద పెట్టి మరీ చెప్పాడు. సొల్యూషన్ ఆవిరి పీల్చింది, లోపల బిడ్డ వేళ్ళు అంటుకుపోయాయి, ఇందులో తెలియకపోవడానికేముంది. పెద్ద కోతగాడు చెప్పాక ఇంకేం కావాలి. రోజూ అదే చూస్తున్నారాయె, బురుసుతో రాసి, రెండు ముక్కలు దగ్గరపెడితే ఇక విడదీయలేరు. గ్లౌజులు చేసేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తట్టని మాట, గ్లౌజులు చేసేవాళ్ళెవరూ కాదనలేని మాట. ఆ సాయంత్రానికే ఇంట్లో అతని భార్య దాన్ని ఒప్పేసుకుంది. పాల సీసా పట్టుకోవాలన్నా కోడలు చేతులు రెండుసార్లు కడుక్కోవాలంది. ఆ గదిలో పని మానిపించింది. కోడలు కూడా నమ్మింది.  ఆ పిల్ల ఒక్కనాడు కాదనలేదు, నమ్మింది, పదహారు నెలలుగా తన బిడ్డ చెయ్యి తనే పాడుచేశానని నమ్మి కూర్చుంది. కొడుకు బస్సు నడుపుతాడు, పొద్దున్నే పోతాడు, పెళ్ళాం ఏడ్చిందో లేదో చూసే తీరిక వాడికి లేదు. తనే ఒకరోజు అన్నం దగ్గర, ఉప్పు తక్కువైందనో ఎందుకో, బాతుపిల్లని కన్నావు, చాల్లే అన్నాడు. అనేసి తిన్నాడు కూడా. ఆ అన్నం అరిగింది కూడా.

కోడలు అదిగో, ఆ చివర, తలుపుకి దగ్గరగా గోడకి ఆనుకుని నిలబడింది. కుర్చీలున్నా కూర్చోదు. మూడు గంటలుగా మంచినీళ్ళు ముట్టలేదు, పిల్లకి పెట్టొద్దన్నారని తనూ తాగలేదు. ఇంత దూరం నించి ఆమెకి డాక్టరమ్మ మాటలు వినపడి ఉండవు. ఇందాక ఆమెని కూడా అడిగారట, మీ వైపు ఎవరికైనా ఉందా అని. లేదంది. అందుకే ఇటు వచ్చారు. వస్తే తను కూడా లేదన్నాడు. ఉంటుంది బాబాయ్, ఇది ఇళ్ళల్లో వస్తుంది, ఒకరికి చేతివేళ్ళలో కనపడితే ఇంకొకరికి కాలివేళ్ళలో, ఒక్కోసారి ఒక తరం దాటేసి వస్తుంది అందావిడ. కాలివేళ్ళలో అనగానే కూడా తనకేమీ తగల్లేదు. నిజంగా తగల్లేదు. అబద్ధం ఆడలేదు. లేదు అన్నప్పుడు లేదనే అనుకున్నాడు. తగిలింది ఆ తరవాత మాటకి. ఉత్తినే కోసేస్తే సరిపోదు, పచ్చిగా ఉన్న రెండు వైపులూ మళ్ళీ కలిసిపోతాయి, అందుకే గజ్జల్లోంచి కాస్త చర్మం తీసి మధ్యలో వేస్తాం, మానేదాకా మధ్యలో అడ్డు ఉండాలి అంది, అని వెళ్ళిపోయింది. తలుపు రెక్కలు ఊగుతున్నాయి. అడ్డు ఉండాలి. మళ్ళీ కలిసిపోతాయి. మళ్ళీ.

నాన్న గొంతు అది. కదిలావంటే మళ్ళీ కోయాల్సొస్తుంది. నాలుగేళ్ళుంటాయేమో తనకి. ఎడమకాలు నాన్న మోకాలి మీద ఉంది. మెత్తటి మేకతోలు ముక్క, ఆముదంలో నానబెట్టింది, వేలికీ వేలికీ మధ్య దూర్చి, గుడ్డతో చుట్టేవాడు. రోజూ. ఎన్ని వారాలో. ఇంట్లో చెప్పింది ఒకటే, కత్తి జారి కాలి మీద పడింది అని. బొటనవేలి పక్క రెండు వేళ్ళ మధ్యనించి పాదం మీదికి పాకిన మచ్చ ఇప్పటికీ ఉంది, వంకరటింకరగా, కుట్టు రాని వాడు కుట్టినట్టు. దాని గురించి ఎప్పుడు ఎవరడిగినా చెప్పేది అదే, మా నాన్న నిర్వాకం. నా కాలు కోశాడు, నా చదువు కోశాడు, ఇంకేం మిగిల్చాడు అనేవాడు నలుగురిలో, ఆయన వింటుండగానే. ఆయన తల ఎత్తేవాడు కాదు. మళ్ళీ కోయాల్సొస్తుంది అన్నది బెదిరింపు అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కన్న కొడుకుని కత్తితో బెదిరించిన మనిషి అనుకున్నాడు. జారిపడ్డ కత్తికి ‘మళ్ళీ’ అన్నది ఎక్కడిది?

అమ్మ అరచెయ్యి. ఉల్లిపాయ వాసన. కళ్ళ మీద, గట్టిగా, ముక్కు కూడా మూసుకుపోయేలా. ఇది ఎప్పటినించో ఉంది తనలో, ఎక్కడా అతకని ముక్కలా, దేని పక్కన పెట్టాలో తెలియక వదిలేసిన ముక్క. పట్టపగలు, వాకిలి తలుపులు వేసి ఉన్నాయి, అమ్మ ఒళ్ళో తను, కళ్ళ మీద ఆమె చెయ్యి. ఆ తరవాతే నొప్పి. ముందు చెయ్యి, తరవాత నొప్పి. కత్తి జారి పడేటప్పుడు కళ్ళు మూసే వ్యవధి ఎవరికుంటుంది? యాభై ఏళ్ళు తన దగ్గరే పెట్టుకుని చూడలేకపోయాడు. చెయ్యంటే నాకు తెలిసినంత ఎవడికి తెలుసని ఎగిరినవాడు తన కాలు తను చదువుకోలేకపోయాడు. గడియారం పదిన్నర.  ఎదురుగా గోడ మీద వేసిన రంగు, కింద ముదురు నీలం, పైన తెలుపు, ఆ రెండూ కలిసే గీత మాత్రం కత్తితో గీసినట్టు కనపడుతోంది, మిగతా అంతా అలుక్కుపోయింది.

కోశాడు. పోవాల్సినవి పోలేదు, నాన్న కోశాడు. డాక్టరు ఎవరున్నారు అప్పట్లో, ఉన్నా వెళ్ళే మనుషులా. తనకి తెలిసిన ఒకే ఒక్క పనితో, తోలుని కోసే చేత్తో, తన పిల్లవాడి కాలివేళ్ళ మధ్య ఆ కత్తి పెట్టి. చెయ్యి వణికి ఉంటుంది. అందుకే ఆ మచ్చ అలా ఉంది. ఆయన ఇంకెక్కడా వంకర కోత కోయలేదు. మరి ఎందుకు చెప్పలేదు? ఎవరికీ ఎందుకు చెప్పలేదు? పిల్లవాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదనా? అన్నారుగా ఆయన్ని. కొడుకు కాలు కోసుకున్నవాడు మన తోలు ఏం కోస్తాడు అని కోతగాళ్ళంతా నవ్వారు. పెద్ద బల్ల మీదినించి దింపి చిన్న బల్లకి మార్చారు. పోయేదాకా ఆ చిన్న బల్ల మీదే కోశాడు. ఆ మాట పడ్డాడు. తన మీద వేసుకుని పడ్డాడు. ఆయనకీ ఉండేదా, నాన్నకి? ఆయన పాదాలు ఎలా ఉండేవి? అతను వెతికాడు, ఉన్న నాన్ననంతా తిరగేసి వెతికాడు. మెడ గుర్తుంది. వేలి చివరి కాయలు గుర్తున్నాయి. మేజోళ్ళు గుర్తున్నాయి, ఎండాకాలం కూడా. చివరిసారి మంచం మీద దుప్పటి కప్పి ఉంది, తను గుమ్మం దగ్గరే నిలబడి, వచ్చానని అనిపించుకుని వెళ్ళిపోయాడు. దుప్పటి పైకెత్తి చూడడానికి తనకేం పట్టింది అప్పుడు. ఇప్పుడు చూడాలి. ఇప్పుడు ఎవరి పాదాలు చూస్తాడు?

తనది చూడొచ్చు. వంగి ఎడమ బూటు లాగాడు, లేసు ముడి పడి రాలేదు, రెండో కాలితో మడమ తొక్కిపెట్టి లాగేశాడు. మేజోడు ఊడదీశాడు. ఉంది. మచ్చ ఉంది. ఎక్కడికి పోతుంది. దాన్ని వేలితో తడిమాడు. వేళ్ళ మొదట్లో, మానిన చోట, పక్క వేళ్ళ కన్నా కాస్త ఎత్తుగా, పల్చటి తెర ఇంకా మిగిలి ఉంది. దాన్ని కూడా రోజూ చూశాడు. రోజూ స్నానంలో సబ్బు రాశాడు. పోని కణాలు. పొమ్మంటే పోకుండా యాభై రెండేళ్ళు కూర్చున్నవి. తనలాగే. చేత్తో పాదం పట్టుకుని అలా ఎంతసేపున్నాడో, తలెత్తేసరికి కోడలు ఎదురుగా నిలబడి ఉంది.

“ఏమైంది మామయ్యా? కాలు నొప్పా?”

“నొప్పి కాదమ్మా.”

“మరేంటి అలా ఉన్నారు? డాక్టరమ్మ ఏమైనా అందా? పాపకేమైనా...”

“పాప బానే ఉంది. కూర్చో.”

ఆమె కూర్చోలేదు. అతను చెప్పాడు. గొంతు తగ్గించి, పక్క కుర్చీలో ముసలాయనకి వినపడకుండా, నేల వంకే చూస్తూ చెప్పాడు. తెడ్డు లాంటి చెయ్యి, చచ్చిపోవాల్సిన కణాలు, రెండో నెల, అయిదో నెల, ఇళ్ళల్లో వస్తుందన్న సంగతి. మచ్చ చూపించాడు. ఇది కత్తి జారడం కాదు, నాకు పుట్టుకతోనే, మా నాన్న విడదీశాడు, నా దగ్గర్నించే వచ్చింది పాపకి, నీ తప్పేమీ లేదు అన్నాడు. అన్నాక తేలికవుతుందనుకున్నాడు. ఆమె ఆ పాదాన్ని చాలాసేపు చూసింది. తన ఎడమచేతి వేళ్ళతో కుడిచేతి వేళ్ళ సందులు ఒక్కొక్కటే రుద్దుకుంటోంది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు.

“రెండో నెలలోనే అయిపోతాయా?” అంది.

“ఆవిడ అలాగే అంది.”

“నేను ఆ గదిలోకి వెళ్ళకముందే.”

“ముందే.”

“అంటే అప్పటికే పాప చెయ్యి అలా ఉంది. నేను మిషను మీద ఉన్నప్పుడే.” ఊపిరి తీసుకుంది. “ఆ రోజు షాపులో అందరి ముందూ అన్నారు మామయ్యా. గట్టిగా అన్నారు. నేను పక్క గదిలో లేను, ఇంట్లో మంచం మీద ఉన్నాను, అయినా నాకు తెలిసింది. ఇప్పుడు నా ఒక్కదానికే చెవిలో చెప్తున్నారు.”

అతను వంగి, కింద పడ్డ మేజోడు అందుకోబోయాడు.

“అత్తయ్యకి చెప్పండి,” అంది. “నాకు కాదు.” అని, తిరిగి తలుపు దగ్గరికి వెళ్ళి, గోడకి ఆనుకుని నిలబడింది.

అప్పుడే వరండా మలుపులో భార్య కనపడింది. ఒక చేతిలో ఫ్లాస్కు, ఒక చేతిలో పిల్ల దుప్పటి, నడక చూస్తే మెట్లెక్కి వచ్చినట్టుంది. దగ్గరికి రాకుండానే మొదలుపెట్టింది.

“లిఫ్టు కోసం పావుగంట నిలబెట్టారు. ఇదేంటి, బూటు విప్పి కూర్చున్నావు? పదిమంది తిరిగే చోట కాలు ఎత్తి పెట్టుకుని. ఏమన్నారు లోపల? అది అక్కడ నిలబడి ఏం చేస్తోంది, చేతులు కడుక్కుందా?”

  అతను కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు, ఒక కాలికి బూటు, ఒక కాలికి ఏమీ లేకుండా, ఒక పక్కకి ఒరిగి. పాదం కింద నేల ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. వరండా నిండా మనుషులు. పేరు పిలుస్తారని చూస్తున్నవాళ్ళు, కాగితాలు పట్టుకున్నవాళ్ళు, నిద్రపోతున్నవాళ్ళు. పదహారు నెలల క్రితం షాపులో ఉన్నవాళ్ళ కన్నా ఎక్కువే.

“సొల్యూషన్ వల్ల కాదే,” అన్నాడు. “నావల్ల వచ్చింది. నేను అన్నది తప్పు.”

“ఏంటి?”

“పాప వేళ్ళు. కోడలి వల్ల కాదు. మా ఇంటిది. నా కాలు చూడు. మా నాన్నకి కత్తి జారలేదు, నాకు వేళ్ళు కలిసి పుడితే కోశాడు.”

ఆమె అతని పాదం వంక చూసింది. మూడు పదుల ఏళ్ళుగా చూసిన పాదమే. ఫ్లాస్కు చేతిలో ఉండిపోయింది. పక్క కుర్చీలో ముసలాయన కళ్ళు తెరిచాడు. ఎదురు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు మాటలు ఆపారు.

“మెల్లగా,” అంది భార్య, అటూ ఇటూ చూసి. “మెల్లగా మాట్లాడు. జనం వింటున్నారు.”

 ఆ చివర, తలుపు దగ్గర, కోడలు ఇటు తిరగలేదు. అతను ఆమెకి వినపడేంత గట్టిగా, మొదటినించి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.